మీకు తెలుసా? తాను స్పీకరుగా కూర్చున్న లోక్‌సభను తానే రద్దు చేసిన రాష్ట్రపతి

కర్ణాటకలోని మన గౌనిపల్లిలో మనం ఓటేసి ఢిల్లీకి పంపే ఎంపీకి గడువు ఐదేళ్లు. ఆ ఐదేళ్లు నిండకుండానే లోక్‌సభను రద్దు చేసే అధికారం 85వ అధికరణం కింద రాష్ట్రపతికి ఉంది. రాజ్యసభకు మాత్రం రద్దన్నదే లేదు.

గడువుకు బాగా ముందే లోక్‌సభ రద్దై, దేశం మధ్యంతర ఎన్నికలకు వెళ్లడం మొదటిసారి 1970 డిసెంబరు 27న జరిగింది. సంతకం చేసింది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. రెండోసారి 1979 ఆగస్టు 22న. ఈసారి సంతకం అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిది. ఇద్దరూ తెలుగువాళ్లే, పైగా 1969 రాష్ట్రపతి ఎన్నికలో ప్రత్యర్థులు. ఆ పోటీ కోసం స్పీకరు పదవి వదులుకున్న సంజీవరెడ్డి ఓడిపోయారు. ఆయన స్పీకరుగా నడిపిన ఆ సభనే మరుసటి ఏడాది గిరి రద్దు చేశారు.

1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే. అక్కడ గెలిచిన సంజీవరెడ్డి మళ్లీ స్పీకరయ్యారు. నాలుగు నెలలు తిరక్కుండానే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్ల తర్వాత ఆ సభ కూడా రద్దయింది, ఈసారి ఆయన చేతుల మీదుగానే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలి. 44వ సవరణ వచ్చాక, సలహాను పునరాలోచించమని ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. అంతకుమించి దారి లేదు. కానీ 1979లో సలహా ఇచ్చిన చరణ్ సింగ్ ప్రధానిగా ఒక్కరోజైనా లోక్‌సభను ఎదుర్కోలేదు. జూలై 28న ప్రమాణం చేశారు. ఇందిరా గాంధీ మద్దతు ఉపసంహరించడంతో, సభ కూడాల్సిన ఆగస్టు 20నే రాజీనామా ఇచ్చి, సభను రద్దు చేయమన్నారు. బలం నిరూపించుకోని ప్రధాని సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలా? ప్రభుత్వం ఏర్పాటుకు నాకు అవకాశమివ్వండని జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్ అడుగుతూనే ఉన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు. మనవాడన్న అభిమానం ఎంత ఉన్నా, ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను. రెండుసార్లు స్పీకరు పీఠంలో కూర్చున్న మనిషి, బలాబలాలు తేల్చే పని సభకే వదలాల్సింది.

ఆ మాటను పదిహేనేళ్ల తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన కర్ణాటక కేసులో. 1989 ఏప్రిల్ 21న ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేసింది. సభలో బలం చూపిస్తానని బొమ్మై అడిగినా గవర్నరు వినలేదు. ఆ గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య. ఆయన కూడా నంద్యాల నుంచి ఎంపీగా గెలిచినవారే!

ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలాల్సింది సభలోనే అని 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అందులోనే ఇంకో సంగతి ఉంది. రాష్ట్రపతి పాలన పెట్టినా, పార్లమెంటు ఉభయసభలు దాన్ని ఆమోదించేదాకా శాసనసభను రద్దు చేయకూడదు. అంటే కేంద్రం బెంగళూరులోని మన శాసనసభను అలా రద్దు చేయాలంటే పార్లమెంటు సరేననాలి. లోక్‌సభ రద్దుకు మాత్రం కేంద్ర మంత్రిమండలి సలహా, రాష్ట్రపతి సంతకం చాలు.