మీకు తెలుసా? చచ్చి లేచిన విదూషకుడు

అమెరికా దర్శకుడు డేమియన్ లియోన్ తీసిన హారర్ చిత్రం ‘టెర్రిఫైయర్ 2’ (2022)కు అయిన ఖర్చు సుమారు 2.5 లక్షల డాలర్లే. అందుకు అభిమానులు కూడా చందాలు వేశారు. వసూళ్లు మాత్రం కోటి డాలర్లు దాటాయి.

2016లో వచ్చిన మొదటి భాగంలో తనను తాను కాల్చుకుని చనిపోయిన హంతకుడు ‘ఆర్ట్ ది క్లౌన్’ చివరికి శవాగారంలో ప్రాణాలతో లేస్తాడు. రెండో భాగం కథ అక్కడే అందుకుంటుంది. ఆ పాత్రధారి డేవిడ్ హోవార్డ్ థార్న్‌టన్ ఒక్క మాటైనా పలకడు. వెడల్పాటి నవ్వు, కనుబొమల కదలిక, మూకాభినయంతోనే వణుకు పుట్టిస్తాడు.

తెరపై తెగిపడే అవయవాలు, చిమ్మే నెత్తురు ఎక్కువగా కంప్యూటర్ గ్రాఫిక్స్ కావు. ప్రత్యేక మేకప్‌లో ఆరితేరిన లియోన్ కృత్రిమ అవయవాలు, రంగు రక్తంతో వాటిని కెమెరా ముందే సృష్టించాడు.