పన్నెండు పాటలలో ఒక గాయకుడు

ఒక గాయకుని పాటలలో జనాదరణ బాగుగా పొందినవానిని ఏర్చి, ఒకే రికార్డుగా కూర్చి విక్రయించు పద్ధతిని పాశ్చాత్య దేశములలో 'గ్రేటెస్ట్ హిట్స్' అని వ్యవహరింతురు. ఇది మరీ ప్రాచీనమైన ఆచారమేమీ కాదు. 1958లో జానీ మాథిస్ అను అమెరికన్ గాయకుని పాటలతో కొలంబియా సంస్థ వెలువరించిన సంకలనమును దీనికి ఆద్యముగా చెప్పుదురు. అప్పటికి ఆయన కొత్త పాటలు చేతిలో లేకపోవుటచే, అంతకు మునుపు విడివిడిగా అమ్ముడైన వానినే ఒకచోట చేర్చి సంస్థవారు బజారుకు పంపినారు. ఆ రికార్డు అమెరికా అమ్మకముల పట్టికలో తొమ్మిదేండ్లకు పైగా నిలిచినది. ఇక చెప్పవలసినదేమున్నది! పేరున్న ప్రతి గాయకునికీ ఒక సంకలనము తప్పనిసరి అయినది.

సంగీతజ్ఞులు ఇట్టి సంకలనములను కొంత చులకనగా చూతురు. అందుకు కారణము తెలియవలెనన్న ఆనాటి రికార్డుల సంగతి కొంచెము తెలిసియుండవలెను. అవి ముఖ్యముగా రెండు విధములు. నిమిషమునకు 45 చుట్లు తిరుగు చిన్న రికార్డుపై ప్రక్కకొక్క పాట ఉండును. 33 చుట్లకు కొంచెము పైగా తిరుగు పెద్ద రికార్డుపై, అనగా లాంగ్ ప్లే రికార్డుపై, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములు, అంతకు కొంత మించియు సంగీతము పట్టును. రేడియోలో మ్రోగునది చిన్న రికార్డు. పాట హిట్టయినదా కాలేదా అని తేల్చునదియు అదే. పెద్ద రికార్డును అభిమాని ఇంటికి తెచ్చుకొని ఒక పుస్తకము చదివినట్లు మొదటి నుండి చివరి వరకు వినును. చిన్న రికార్డులపై నెగ్గిన పాటలను పెద్ద రికార్డుపైకి ఎక్కించుటయే గ్రేటెస్ట్ హిట్స్. పుస్తకము రూపమే గాని, లోపల ఉన్నవి కరపత్రములన్నమాట.

అయినను ఏర్చి కూర్చుట మన సాహిత్యములకు కొత్త కాదు. ఉర్దూలో దీనిని ఇంతిఖాబ్ అందురు. మీర్జా గాలిబు 1841లో తన దీవాను అచ్చు వేయించునాటికి, యౌవనములో వ్రాసిన కవిత్వమును చాలవరకు తానే తొలగించినారు. ఆయన త్రోసివేసిన షేర్లు ఎనుబది ఏండ్ల తరువాత, 1921లో, భోపాలు ప్రతి ఆధారముగా ముద్రణకు నోచుకొన్నవి. తెలుగులో వేమన పద్యములను చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఏర్చి 1829లో ప్రకటించినారు. అచట ఏరినవాడు కవి. ఇచట ఏరినవాడు పరదేశపు పండితుడు. మేము ఈ వ్యాసములో చెప్పబోవు సంకలనమును ఏరినది విపణి. ఏరినవారెవరో తెలిసిన తరువాతనే, ఏమి మిగిలినది, ఏమి జారిపోయినది అను ప్రశ్నకు అర్థముండును.

ఆ సంకలనము 1975లో వెలువడిన క్యాట్ స్టీవెన్స్ 'గ్రేటెస్ట్ హిట్స్'. ఈ గాయకుడు 1948 జూలై 21న లండనులో జన్మించినారు. అసలు పేరు స్టీవెన్ డిమీట్రి జార్జియూ. తండ్రి సైప్రస్ ద్వీపమునకు చెందిన గ్రీకు, తల్లి స్వీడన్ దేశస్థురాలు. లండను నడిబొడ్డున, నాటకశాలల దీపముల నడుమ, తల్లిదండ్రులు నడుపు హోటలుకు పైయంతస్తులో ఆయన బాల్యము గడచినది. పదునెనిమిదేండ్లకే, 1967లో, 'మాథ్యూ అండ్ సన్' అను పాట బ్రిటను పట్టికలో రెండవ స్థానమునకు చేరినది. ఇరువది ఏండ్ల ప్రాయమునకు అటు ఇటుగా క్షయవ్యాధి సోకినది. నెలల తరబడి ఆసుపత్రిలోను, ఇంటిలోను మంచము పట్టియుండుట, మృత్యువును దగ్గర నుండి చూచుట, పలు మతముల గ్రంథములు చదువుట, ధ్యానము చేయుట, ఇవన్నియు ఆ కాలములోనివే. మంచము దిగి వచ్చిన మనిషి వేరు. వెనుక హోరెత్తు వాద్యబృందము పోయి ఒక గిటారు, ఒక పియానో, మెత్తని కొంచెము బొంగురు గొంతు మిగిలినవి. 1970 నుండి 1974 వరకు ఆరు పెద్ద రికార్డులు వచ్చినవి. వానిలో 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్', 'టీజర్ అండ్ ది ఫైర్‌క్యాట్' అనునవి నేటికిని అభిమానుల యిండ్లలో అరిగిపోవు రికార్డులే.

సంకలనమున పాటలు పన్నెండు. మొదటిది 'వైల్డ్ వరల్డ్', చివరిది 'అనదర్ సాటర్డే నైట్'. పై రెండు రికార్డుల నుండి మూడేసి, 1972, 1974ల నాటి రికార్డుల నుండి రెండేసి తీసుకొనినారు. ఇందులో 'టూ ఫైన్ పీపుల్' ఒక్కటే కొత్తది. పాత సరకు అమ్ముటకు పైన ఉంచిన కొత్త పండువంటిది. అది మాకు ఎన్నడును పెద్దగా నచ్చలేదు. 'రెడీ'ని గురించియు ప్రత్యేకముగా చెప్పవలసినది లేదు. ముగింపు పాట స్టీవెన్స్ రచించినది కాదు. 1963లో శామ్ కుక్ అను నల్లజాతి గాయకుడు వ్రాసి పాడినది. కూలి డబ్బులు చేతిలో ఉండియు, కొత్త ఊరిలో తోడు లేక శనివారపు సాయంత్రము గడపు ఒంటరివాని గోడు అది. ఆపసోపముల మధ్యనే నవ్వించు పాట.

'మార్నింగ్ హాజ్ బ్రోకెన్' మాటలును ఆయనవి కావు. ఎలినోర్ ఫార్జన్ అను ఆంగ్ల రచయిత్రి వ్రాయగా 1931లో క్రైస్తవ కీర్తనల గ్రంథములో వెలువడిన ప్రభాతగీతమది. వరుస స్కాట్లండులోని బనెసన్ అను పల్లె పేరుతో ప్రసిద్ధమైన పాత బాణీ. కీర్తన చాల చిన్నది. ఉన్నదున్నట్లు పాడిన రెండు నిమిషములైనను పట్టదు. రిక్ వేక్‌మన్ అను పియానో కళాకారుడు ముందును, నడుమను అల్లిన స్వరములే దానికి నిడివిని, నేటి రూపమును ఇచ్చినవి. ఆ పియానో లేనిచో ఈ పాట ఇన్ని దేశములు తిరిగియుండెడిది కాదని మా నమ్మకము.

'మూన్‌షాడో' పుట్టుక ముచ్చటయైనది. నగరపు దీపముల మధ్య పెరిగిన స్టీవెన్స్ ఒకమారు స్పెయినులో సముద్రపు ఒడ్డున రాత్రివేళ నడచుచు, వెన్నెలలో తన నీడను మొదటిసారి చూచినారట. కన్ను పోయినను, చేయి పోయినను, కాలు పోయినను దాని వలన తప్పిన శ్రమను లెక్కించి సంతోషించు ఒకానొక విచిత్రమైన మనిషి అందులో పాడును. హజ్రత్ అయ్యూబు వారి సహనమును ఇందులో చూడదలచినవారు చూడవచ్చును గాని, పాట నడక మాత్రము వెన్నెలలో గంతులు వేయు పిల్లవానిదే.

ఇక 'ఫాదర్ అండ్ సన్'. రష్యా విప్లవకాలపు కథతో తలపెట్టిన ఒక సంగీత నాటకము కొరకు ఈ పాట పుట్టినది. కొడుకు విప్లవములో చేరుటకు ఇల్లు విడువగోరును. సేద్యము చేసుకొను తండ్రి వలదనును. నాటకము రంగమెక్కలేదు, పాట మిగిలినది. రెండు పాత్రలకును గాయకుడొక్కడే. తండ్రి మాటలను క్రింది స్థాయిలో, తొందర లేక పాడును. కొడుకు వంతు రాగానే గొంతు ఒక్కసారిగా పైకి లేచి బిగుసుకొనును. ఉత్తరార్ధములో ఇరువురి మాటలు ఒకదానిపై నొకటి పడును. తండ్రి చెప్పునది తప్పు కాదు, కొడుకు చెప్పునది తప్పు కాదు, ఒకరి మాట ఒకరికి వినబడదు. అంతే. తీర్పు లేదు. ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన వారములో మన విద్యార్థుల యిండ్లలో ఈ సంభాషణ ఎన్నిమారులు జరుగునో పాఠకులే లెక్కించుకొనగలరు.

ఈ పాటలు ఏర్చిన తీరులో మాకు పేచీ లేదు. ఏరకుండ విడిచినవానిని గురించియే మా మాట. 1967 నాటి పాటలు వేరొక సంస్థవి, వానిని వదలివేయుదము. 1970లో బ్రిటనులో బాగుగా అమ్ముడైన 'లేడీ డార్బన్‌విల్' లేదు. 1973 నాటి 'ఫారినర్' రికార్డు నుండి ఒక్కటియు లేదు. దాని మొదటి ప్రక్క అంతయు పదునెనిమిది నిమిషముల ఒకే పాట. అంత పొడవైనది చిన్న రికార్డుపై పట్టదు, పట్టనిది హిట్టు కాదు, హిట్టు కానిది ఇచట చేరదు. వీనికన్న మాకు ముఖ్యముగా తోచునవి రెండు: 'ఆన్ ది రోడ్ టు ఫైండ్ అవుట్', 'ది విండ్'. మొదటిది ఇల్లు విడిచి సత్యమును వెదకుచు తిరుగు బాటసారి పాట. రెండవది రెండు నిమిషములైనను నిండని చిన్న గీతము. తన లోపలి గాలి ఎటు తీసుకొనిపోవునో దైవమునకే విడిచిపెట్టినవాని మాట. ఈ రెండును అభిమానులకు కంఠస్థములు. సంకలనములో మాత్రము లేవు. అట్టి అన్వేషణలో నుండి విపణి జల్లెడను దాటి వచ్చినది 'సిట్టింగ్' ఒక్కటే.

ఇది చిన్న లోపముగా తోచవచ్చును. తరువాత జరిగినదానిని బట్టి అది పెద్దదైనది. సంకలనము వెలువడిన కాలమునకు కొంచెము అటు ఇటుగా, కాలిఫోర్నియాలోని మాలిబూ తీరమున ఈదుచు మునిగిపోబోయి, బ్రతికిన దైవసేవ చేయుదునని ఆయన మ్రొక్కుకొనినారు. జెరూసలేము చూచి వచ్చిన అన్నగారు ఆయనకు ఖురాను అనువాదమునొకదానిని కానుకగా ఇచ్చినారు. 1977 డిసెంబరులో ఇస్లామును స్వీకరించి, మరుసటి యేట యూసుఫ్ ఇస్లాం అను పేరు పెట్టుకొనినారు. సంతలో విక్రయింపబడిన యూసుఫ్ వారి గాథ ఖురానులో చదివినపుడు, తన గొంతునే అమ్ముకొని బ్రతికిన గాయకుని మనసు కదలుట వింత కాదు. 1979 నవంబరులో లండను వెంబ్లీలో బాలల సహాయార్థము ఒక కచేరిలో పాడి, గిటార్లను ధర్మకార్యములకై వేలము వేయించి, ఆ రంగమునుండి తప్పుకొనినారు. 1983లో లండనులో ఇస్లామియా పాఠశాలను స్థాపించినారు. బ్రిటనులో ప్రభుత్వ నిధులు పొందిన తొలి ముస్లిం పాఠశాలలలో అది ఒకటి. ఆ నిధులు 1998లో గాని రాలేదు. ఎయిడు కొరకు ఫైళ్ళ వెంట తిరిగిన అనుభవము గల మా కమిటీ పెద్దలకు ఆ పదునైదేండ్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ మౌనకాలములో లోకమునకు ఆయన ముఖముగా నిలిచినది ఈ పన్నెండు పాటల రికార్డే. దానిని మాత్రమే ఎరిగినవారికి 1977 నాటి నిర్ణయము పిడుగువలె తోచినది. ప్రేమగీతములు, వెన్నెల పాటలు పాడుచున్న యువకుడు హఠాత్తుగా గిటారు దించినాడేమి అని కొందరు కోపించినారు, కొందరు చిన్నబుచ్చుకొనినారు. పెద్ద రికార్డులను వరుసగా వినినవారికి ఇందులో హఠాత్తు ఏమియు లేదు. ఏడేండ్లుగా ఆయన ఆ త్రోవనే నడచుచు, నడచుచున్నానని పాడుచునే ఉన్నారు. ఆ పాటలు సంకలనములో లేకపోవుటచే, త్రోవ తెలియక గమ్యము మాత్రము కనబడినది.

'పీస్ ట్రెయిన్' సంగతియు చెప్పవలసియున్నది. 1971లో అది ఉల్లాసముగా చప్పట్లతో సాగు శాంతిగీతము. 2003లో ఇరాకు యుద్ధమునకు వ్యతిరేకముగా ఆయన దానిని మరల పాడినారు. 2004 సెప్టెంబరులో లండను నుండి వాషింగ్టను పోవు విమానములో ఆయన ఉన్నారని తెలిసి, అమెరికా అధికారులు విమానమును దారి మళ్ళించి దించి, ఆయనను వెనుకకు పంపినారు. 2006 డిసెంబరులో బంగ్లాదేశపు ముహమ్మద్ యూనుస్ వారికి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన సందర్భమున ఓస్లోలో జరిగిన కచేరిలో ఆయన మరల అదే పాట పాడినారు. 1975 నాటి రికార్డులో ఆ పాట రెండవ ప్రక్క మొదటిది. ఆ ప్రక్కకు త్రిప్పి సూది పెట్టునప్పుడు మాకు ఈ మూడు సంవత్సరములును గుర్తుకు వచ్చును.

ఆయన మరల పాడుటకు కారణము, కుమారుడు ఇంటికి తెచ్చిన గిటారు. ఒకనాటి ఉదయము ఎవరును లేనపుడు దానిని తీసి చూడగా వ్రేళ్ళకు పాత స్వరములు గుర్తున్నవట. 2006లో కొత్త రికార్డు వచ్చినది. 2020లో 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్' పాటలన్నింటిని, ఏబది ఏండ్లు నిండిన సందర్భమున, మరల రికార్డు చేసి వెలువరించినారు. అందులోని 'ఫాదర్ అండ్ సన్'లో కొడుకు మాటలకు 1970లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక వేదికపై పాడినప్పటి తన గొంతునే తీసుకొని, తండ్రి మాటలను వృద్ధాప్యపు గొంతుతో తాను పాడినారు. ఇరువది రెండేండ్లవాడు తొందరపడుచుండును. ముసలివాడు నింపాదిగా చెప్పుచుండును. ఇరువురును ఒక్కరే, అయినను ఇంకను ఒకరి మాట ఒకరికి వినబడదు.