మాడ్యులర్ సింథ్‌కి సేవ్ బటన్ లేదు: కేబుళ్ల అడవిలో దారి తప్పకుండా ఉండటం ఎలా?

డిసెంబర్‌లో అరకు దగ్గర ఒక ఊళ్లో, చుట్టూ పదిహేను మంది నిలబడి చూస్తుండగా, నా సింథ్ కిక్కురుమనలేదు. పాడైపోలేదు. కరెంటు ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలో నేనే మర్చిపోయా.

మాడ్యులర్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు కీబోర్డులో సౌండ్ తయారయ్యే దారిని కంపెనీవాళ్లే లోపల వైరింగ్ చేసి ఇస్తారు. మాడ్యులర్‌లో ఆ పని మనది. ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, వీసీఏ అన్నీ విడివిడి మాడ్యూళ్లు. 3.5 మి.మీ. జాక్ ఉన్న కేబుళ్లతో వాటిని మనమే కలపాలి. దీన్నే ప్యాచింగ్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే యూరోర్యాక్ ఫార్మాట్‌ని 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డోప్ఫర్ మొదలుపెట్టింది. మన దేశానికి మాత్రం మాడ్యులర్ అంతకంటే ముందే వచ్చింది. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మోగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. (పేరు ‘మోగ్’ అనే పలకాలి. మన ‘మోగు’కి ఎంత దగ్గరో చూడండి.)

నా ప్లాన్ ఏంటంటే, ధింసా డాన్స్‌కి వాయించే డప్పుని మైక్‌తో సింథ్‌లోకి తీసుకోవాలి. ఒక్కో దెబ్బకీ ఫిల్టర్ తెరుచుకుని, వెనకాల ఒక డ్రోన్ ఊపిరి పీల్చినట్టు వినపడాలి. వైజాగ్‌లో రెండు వారాలు కూర్చుని ప్యాచ్ చేశా. మొత్తం 23 కేబుళ్లు. అవి ఉంటే కేసు మూత పడదు. కాబట్టి పైనుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీసి, అన్నీ పీకేసి, పొద్దున్నే కిరండూల్ రైలెక్కా.

ఊళ్లో ఫోటో తెరిస్తే కనపడింది నల్ల నూడుల్స్ గిన్నె. నా కేబుళ్లన్నీ నలుపే మరి. 50 మెగాపిక్సెళ్లు ఉన్నా, కేబుల్ కింద దాక్కున్న జాక్‌ని ఏ కెమెరా చూపించదు. నలభై నిమిషాలు కుస్తీ పట్టా. ఈలోగా డప్పులవాళ్లు గడ్డి మంట వేసి, చర్మం బిగిసేదాకా డప్పులు కాచుకుని రెడీ అయిపోయారు. ఒక పెద్దాయన నా పక్కన గొంతుకూర్చుని, “ఏటి బాబూ, నీ పెట్టికి కూడా సెగ తగలాలేటి?” అన్నాడు.

నిజానికి తగలాలి! అనలాగ్ ఆసిలేటర్ పిచ్ ఉష్ణోగ్రతతో పాటు జరుగుతుంది. ఆన్ చేశాక ఒక ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి ట్యూన్ చేయాలి. వైజాగ్ ఉక్కలో చేసిన ట్యూనింగ్ అరకు చలిలో నిలబడదు. కానీ ఆ రోజు నా సమస్య అది కాదు. చీకటి పడింది, వాళ్లు పొద్దున్నుంచి పొలం పని చేసి వచ్చినవాళ్లు. రేపు రమ్మన్నారు.

ఆ రాత్రి హోమ్‌స్టేలో రగ్గు కప్పుకుని కూర్చున్నప్పుడు వెలిగింది అసలు విషయం. ఒక అవుట్‌పుట్ ఎన్ని చోట్లకైనా వెళ్లొచ్చు. కానీ ఒక ఇన్‌పుట్ జాక్‌లో పట్టేది ఒక్క కేబులే. అంటే ప్యాచ్‌ని ఇన్‌పుట్ల వైపు నుంచి రాసుకుంటే ఒక్కో ఇన్‌పుట్‌కీ ఒక్కటే లైను వస్తుంది. కోడ్ రాసేవాళ్లకి అర్థమైపోతుంది: ఇన్‌పుట్ కీ, అవుట్‌పుట్ వాల్యూ. డిక్షనరీ అంతే! నేను అప్పటిదాకా అవుట్‌పుట్ల నుంచి గుర్తు చేసుకుంటూ, కొమ్మలు చీలిన ప్రతిచోటా తప్పిపోతున్నా.

అందుకే ఇప్పుడు స్పీకర్ నుంచి వెనక్కి రాస్తా. ‘మిక్సర్ 1లోకి: వీసీఏ అవుట్. వీసీఏ ఆడియోలోకి: ఫిల్టర్ అవుట్. ఫిల్టర్ కటాఫ్‌లోకి: ఎన్వలప్ ఫాలోయర్ అవుట్. ఎన్వలప్ ఫాలోయర్‌లోకి: మైక్ ప్రీయాంప్ అవుట్.’ ఇలా ఫోన్ నోట్స్‌లో 23 లైన్లు. నాబ్‌ల స్థానాలు గడియారం లెక్కన: కటాఫ్ 10 గంటలు, రెజొనెన్స్ 2 గంటలు. మాడ్యూల్ కొనకముందే ఇదంతా ప్రాక్టీస్ చేయాలంటే వీసీవీ ర్యాక్ ఫ్రీ వెర్షన్ ఉంది. అందులో సేవ్ బటన్ ఉంటుంది కాబట్టి బద్ధకం కూడా అక్కడే అలవాటవుతుంది, నాకు అయినట్టే.

రెండోది రంగు. చాలా బ్రాండ్లు కేబుల్ పొడవుని బట్టి రంగు ఇస్తాయి. నా అభిప్రాయంలో అది దండగ. పొడవు కంటికి కనపడుతూనే ఉంటుంది, కనపడనిది సిగ్నల్ రకం. 1970ల్లో వచ్చిన సెర్జ్ సింథ్‌లలో జాక్‌లకే రంగులుండేవి: ఆడియోకి నలుపు, కంట్రోల్ వోల్టేజ్‌కి నీలం, పల్స్‌కి ఎరుపు. నేను అదే కాపీ కొట్టి, పిచ్‌కి పసుపు కలిపా. సౌండ్ వస్తోంది కానీ రిథమ్ లేదంటే ఎర్ర కేబుళ్లే వెతకాలి, మిగతావి ముట్టుకోనక్కర్లేదు.

పిచ్‌కి ప్రత్యేకంగా రంగు ఎందుకంటే, తప్పు జరిగితే అందరి చెవికీ తెలిసేది అదే. చాలా మాడ్యూళ్లలో అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 1 కిలోఓమ్, ఇన్‌పుట్ 100 కిలోఓమ్‌లు ఉంటుంది. సీక్వెన్సర్ 3 వోల్టులు పంపితే ఒక ఆసిలేటర్‌కి చేరేది 2.97. పాసివ్ మల్టిపుల్‌తో చీల్చి రెండో ఆసిలేటర్ కూడా తగిలిస్తే ఇద్దరికీ 2.94. ఇక్కడ 1 వోల్ట్ అంటే ఒక ఆక్టేవ్, అంటే 12 సెమీటోన్లు. తగ్గిన 0.03 వోల్ట్ సెమీటోన్‌లో మూడో వంతు దాటుతుంది. శ్రుతి తప్పిందని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. పసుపు కేబుల్‌ని చీల్చాల్సి వస్తే బఫర్డ్ మల్టిపుల్ వాడండి. ఎరుపుకి పాసివ్ చాలు, గేట్‌కి ఆ మాత్రం తేడా లెక్కలోకి రాదు.

అన్నీ సరిగ్గా పెట్టినా సౌండ్ రాకపోతే బైనరీ సెర్చ్ చేయండి. దారి మధ్యలో ఉన్న మాడ్యూల్ అవుట్‌పుట్‌ని తీసి అవుట్‌పుట్ మాడ్యూల్‌లో పెట్టి వినండి. వినపడితే తప్పు ముందుంది, లేకపోతే వెనకుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం నేరుగా మాడ్యూల్‌కి పెట్టొద్దు. ఆ వోల్టేజ్ చాలా ఎక్కువ, చెవులు మీవి.

మర్నాడు నల్ల కేబుళ్లకే హోమ్‌స్టేలో అడిగి తెచ్చుకున్న రంగు దారాలు కట్టా. లిస్ట్ చూస్తూ మొత్తం పెట్టడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆసిలేటర్లు వేడెక్కేలోపు వాళ్లు డప్పులు కాచుకున్నారు. మొదటి దెబ్బకే ఫిల్టర్ తెరుచుకుంది. పెద్దాయన డప్పు ఆపి, పెట్టె వైపు చూసి, మళ్లీ ఒక్క దెబ్బ మెల్లగా వేసి, అది కూడా మెల్లగా పలికిందని తలూపాడు. రెండు డప్పులు కలిసి మోగితే మాత్రం గేట్ రెండుసార్లు పడుతోంది. థ్రెషోల్డ్ 1 గంట దగ్గర పెడితే కొంచెం నయం. అది 24వ లైనుగా నోట్స్‌లో చేరింది.