పిడికిలి ఓడిన చోట

పుదుచ్చేరిలో ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధిలో ఒక పాత ఇల్లు నేడు స్మారక మందిరంగా ఉన్నది. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి నివసించిన ఇల్లు అది. బ్రిటిషు ప్రభుత్వం చేతికి చిక్కకుండా ఆయన 1908లో, ఆనాడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ పట్టణానికి చేరుకున్నాడు. పదేళ్లు ఇక్కడే తలదాచుకున్నాడు. ఆ ప్రవాసకాలంలో వ్రాసిన కావ్యాలలో "పాంచాలీ శపథం" ఒకటి. దాని మొదటి భాగం 1912లో అచ్చయింది.

ఆ కావ్యంలో ఒక విశేషం ఉన్నది. భారతకథను చేపట్టిన కవి కురుక్షేత్రం జోలికే పోలేదు. జూదంతో కథ సాగి, నిండు సభలో పలికిన ప్రతిజ్ఞలతో కావ్యం ముగుస్తుంది. గదాదండం పట్టిన భీముడున్నాడు, గాండీవం పట్టిన అర్జునుడున్నాడు. అయినా ద్రౌపదికి అవమానం జరిగిన ఆ ఘడియలో వారి భుజబలం ఎందుకూ కొరగాలేదు. భీముడు మండిపడితే అర్జునుడు వారించాడు. చూస్తూ నిలిచిపోయిన పురజనులను సైతం కవి క్షమించలేదు. ఆనాటి సభలో నోరు విప్పి ధర్మాన్ని ప్రశ్నించినది ఆయుధం లేని ఒక స్త్రీ.

వీరగాథను ఎగతాళి చేయడం తేలిక. దానిని నిజంగా నమ్మి, దాని మాటలతోనే దానిని నిలదీయడం కష్టం. భారతి చేసినది ఆ రెండవ పని. ఆయన కావ్యం వెలువడిన 86 ఏళ్లకు జపానులో ఒక బొమ్మల కథకుడు, పిల్లలు చదివే వారపత్రికలో, ఇటువంటి పనికే పూనుకున్నాడు. అతని పేరు యోషిహిరో తొగాషి. కథ పేరు "హంటర్ హంటర్".

మూడు మాటల సూత్రం

జపాను బొమ్మల కథలను "మాంగా" అంటారు. నలుపు తెలుపు బొమ్మలతో, కుడినుంచి ఎడమకు చదివే పుస్తకాలివి. బుద్ధుని జీవితాన్ని వేలాది పుటలలో చిత్రించిన ఒసాము తెజుకా పేరు మన దేశంలోనూ కొందరికి తెలుసు. ఒకప్పుడు పుదుచ్చేరిని ఏలిన ఫ్రాన్సు, నేడు జపాను వెలుపల మాంగాను అత్యధికంగా చదివే దేశాలలో ఒకటి.

మాంగాలో అబ్బాయిల కోసం వెలువడే శాఖను "షోనెన్" అంటారు. ఈ శాఖకు పెద్ద దిక్కు 1968లో ఆరంభమైన "షోనెన్ జంప్" పత్రిక. 1990ల నడుమ దాని వారపు ముద్రణ 65 లక్షల ప్రతులు దాటింది. పాఠకులు పంపే కార్డులను బట్టి ఏ కథ నిలవాలో, ఏ కథ ముగియాలో నిర్ణయించడం ఆ పత్రిక ఆనవాయితీ. ఆ పత్రిక కథలకు మూడు మాటలు సూత్రప్రాయమైనాయి: స్నేహం, శ్రమ, విజయం.

ఈ సూత్రంతో అల్లిన కథ ఎలా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. పల్లెటూరి పిల్లవాడొకడు పెద్ద ఆశయంతో బయలుదేరతాడు. మిత్రులు కలుస్తారు. శత్రువు చేతిలో ఒకసారి ఓడతాడు. కఠోరసాధన చేసి మళ్లీ వచ్చి గెలుస్తాడు. ఆపైన అంతకంటె బలవంతుడైన శత్రువు ఎదురవుతాడు. మిత్రునికి అపాయం కలిగినప్పుడు వీరునికి పట్టరాని కోపం వస్తుంది. ఆ కోపమే అతనికి కొత్త బలమవుతుంది. 1984 నుండి 1995 వరకు వెలువడిన అకిరా తొరియామా "డ్రాగన్ బాల్" ఈ బాణీని లోకమంతటా వ్యాపింపజేసింది.

తొగాషి ఈ బాణీకి కొత్తవాడు కాడు. 1990 నుండి 1994 వరకు ఇదే పత్రికలో "యూయూ హకుషో" వ్రాసి పేరు గడించాడు. దానిని తన ఇష్టం మేరకే ముగించాడు. 1998లో మొదలుపెట్టిన "హంటర్ హంటర్" కూడా పైకి పాత బాణీలోనే కనిపిస్తుంది. గోన్ అనే పన్నెండేళ్ల బాలుడు, తనను పసితనంలోనే వదిలి వెళ్లిన తండ్రిని వెదుకుతూ దీవి విడిచి బయలుదేరతాడు. కిల్లువా అనే ప్రాణమిత్రుడు దొరుకుతాడు. ఇంతవరకు అంతా తెలిసిన దారే.

బలానికి జమాఖర్చు

తొగాషి చేసిన మొదటి మార్పు బలాన్ని గూర్చినది. అతని కథలో మనిషిలోని ప్రాణశక్తిని "నెన్" అంటారు. దానికొక నియమమున్నది. తనకు తాను ఎంత కఠినమైన కట్టడి విధించుకుంటే అంత శక్తి చేకూరుతుంది. కురపిక అనే యువకుడు తన వంశాన్ని చంపిన దొంగల ముఠాపై పగ పట్టి, ఆ ముఠావారి మీద మాత్రమే పనిచేసే గొలుసును సాధిస్తాడు. మరెవరి మీదనైనా దానిని ప్రయోగిస్తే తన ప్రాణమే పోతుంది.

మన పురాణాలు చదివినవారికి ఈ లెక్క కొత్త కాదు. తపస్సుకు వరం, వరానికి షరతు, షరతులో శాపం. కాని షోనెన్ కథలలో కోపం వచ్చినంత మాత్రాన బలం ఉచితంగా దొరికేది. తొగాషి దానికి పద్దు వ్రాయించాడు. ఆ పద్దు ఎంత భయంకరంగా తేలుతుందో చీమల రాజు ఘట్టంలో తెలుస్తుంది.

చీమల రాజు

ఆ లోకంలో ఒక వింత చీమ జాతి ఉన్నది. రాణిచీమ ఏ జీవిని తింటే ఆ జీవి లక్షణాలు దాని సంతానానికి వస్తాయి. ఒక రాణి మనుషులను తినడం మరిగింది. దాని కడుపున పుట్టినవాడు రాజు మెరుయెమ్. అతని బలానికి సాటి లేదు. దయ అంటే ఏమో తెలియదు. మనుషులు అతనికి ఆహారం మాత్రమే.

ఒక రాజ్యాన్ని ఆక్రమించి, కాలక్షేపానికి ఆ దేశపు ఆటగాళ్లను పిలిపించి, వారి వారి ఆటలలోనే వారిని ఓడిస్తాడు. చివరకు చదరంగం వంటి "గుంగి" అనే ఆటలో ఆరితేరిన కొముగి అనే అంధబాలిక వస్తుంది. ఆమెను మాత్రం గెలవలేడు. ఆమె మనసును కలతపెట్టడానికి, ఓడితే ఎడమ చెయ్యి ఇవ్వాలని పందెం పెడతాడు. తాను ఏనాడూ ప్రాణాన్నే పణంగా పెట్టి ఆడుతున్నానని ఆ పిల్ల జవాబిస్తుంది. సిగ్గుపడిన రాజు తన చేతినే తెంచుకుంటాడు. అంతవరకు ఏ యోధుడూ గాయపరచలేని రాజుకు తగిలిన మొదటి దెబ్బ అది.

ఆయుధం పట్టకుండా మృత్యువు ఎదుట నిలిచిన స్త్రీ కథ మనకు సావిత్రి రూపంలో ఉన్నది. 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరికి వచ్చి 1950లో అక్కడే కన్నుమూసిన శ్రీ అరవిందులు ఆ కథనే ఆంగ్లంలో మహాకావ్యంగా మలచి, చివరి రోజుల వరకు దిద్దుతూ వచ్చారు. అందులోనూ మృత్యువుతో పోరాటం మాటలతోనే సాగుతుంది. కొముగి సావిత్రి వంటి జ్ఞాని కాదు. తనను తాను పనికిమాలినదానిగా తలచే నిరుపేద పిల్ల. అయినా పిడికిలి చేయలేని పనిని ఆమె ఆట చేసింది. రాక్షసుడు మెల్లగా మనిషి కావడం మొదలుపెట్టాడు.

ఇక అటు మనుషులలో ఏమి జరిగిందో చూడాలి. స్నేహం, శ్రమ, విజయం అనే మూడు మాటలను తొగాషి పరీక్షకు పెట్టినది అక్కడే.

శ్రమ, విజయం, స్నేహం

హంటర్ల సంఘాధ్యక్షుడు నెటెరో వృద్ధుడు. నడివయసులో కొండకేగి, కృతజ్ఞతాభావంతో నమస్కరించి గుద్దు విసరడం అనే ఒకే సాధనను రోజుకు పదివేల మారులు, ఏళ్ల తరబడి చేసినవాడు. శ్రమకు అంతకు మించిన రూపం ఉండదు. రాజు అతనితో కూర్చుని మాట్లాడదామంటాడు. యుద్ధమే కావాలన్నది మనిషి. సాధనాబలమంతా చూపినా నెటెరో గెలవలేకపోతాడు. అప్పుడు తన గుండెను తానే ఆపుకుని, శరీరంలో అమర్చుకున్న బాంబును పేలుస్తాడు. "పేదవాని గులాబి" అని పేరుపడిన చవక బాంబు అది. పేలుడుకు బ్రతికినవారిని కూడా దాని విషం చంపుతుంది.

మానవజాతి గెలిచింది. కాని గెలిపించినది శ్రమ కాదు, ధర్మమూ కాదు. ఎవరైనా కొనగల ఒక విషాయుధం. హిరోషిమా, నాగసాకి నగరాలను మరచిపోలేని దేశంలో, పిల్లల పత్రికలో ఈ పుటలు అచ్చయ్యాయి.

స్నేహం సంగతి ఇంకా బాధాకరం. తనను ఆదరించిన కైట్ అనే పెద్దను రాజు అంగరక్షకులలో ఒకరైన నెఫెర్‌పితో పొట్టనబెట్టుకున్నది. ఆ పగతో గోన్ కోటలోకి చొరబడతాడు. అక్కడ కనిపించిన దృశ్యం వేరు. మనుషుల దాడిలోనే గాయపడిన కొముగిని బ్రతికించడానికి నెఫెర్‌పితో చికిత్స చేస్తూ, కాస్త గడువిమ్మని ప్రాధేయపడుతున్నది. మన వీరుడు ఆ అంధబాలికనే చంపుతానని బెదిరిస్తాడు. వారించబోయిన కిల్లువాతో, నీకు దీనితో సంబంధం లేదు గనుక శాంతంగా ఉండగలవన్నట్టు మాట్లాడతాడు. వందలాది పుటలుగా పెంచిన స్నేహం ఒక్క మాటతో బీటలు వారుతుంది. వేషాలు తారుమారైనాయి. రాక్షసుని ముఖంలో మమత, వీరుని ముఖంలో క్రౌర్యం.

కైట్ ఇక బ్రతకడని తెలిసిన క్షణంలో గోన్ కోపం బలంగా మారుతుంది. షోనెన్ పాఠకుడు ఎదురుచూసే ఘట్టమిదే. కాని ఇక్కడ జమాఖర్చు ఉన్నది. రాబోయే కాలంలో సాధించగల శక్తినంతా ఒక్క ఘడియలో ఖర్చుపెట్టి గోన్ శత్రువును చంపుతాడు. ఆ తరువాత మిగిలినది ఎండిపోయిన శరీరం. ఎవరూ చప్పట్లు కొట్టలేని విజయం అది. అతనిని మృత్యుముఖం నుంచి తప్పించినది పగ కాదు. ఆ మాట పడ్డ కిల్లువాయే తన తోబుట్టువు సాయంతో బ్రతికించాడు. ప్రాణం దక్కింది, నెన్ మాత్రం పోయింది.

విషం కమ్మిన మెరుయెమ్ తన చివరి గంటలను కొముగితో ఆట ఆడుతూ గడుపుతాడు. దగ్గర ఉంటే ఆ విషం తనకూ సోకుతుందని తెలిసి కూడా ఆమె కదలదు. లోకాన్ని జయించగల రాజు ఆ ఆటలో ఒక్కసారైనా గెలవకుండానే ఆమె ఒడిలో కన్నుమూస్తాడు.

పిల్లలకు ఇటువంటి కథ తగునా?

ఇంత విషాదం పిల్లలకెందుకని కొందరు అడగవచ్చు. ఈ కథలో హింస తక్కువేమీ కాదు. మరీ చిన్నవారికి ఇవ్వదగినది కాదు. దోషాలూ ఉన్నాయి. కోటలో జరిగే కొన్ని క్షణాల వ్యవహారానికి అధ్యాయాల కొద్దీ వ్యాఖ్యానం నడుస్తుంది. రచయిత నడుమునొప్పి వల్ల ప్రచురణ ఏళ్ల తరబడి ఆగిపోతూ వచ్చింది. కథ ఇంకా పూర్తి కాలేదు.

అయినా ఒక మాట ఆలోచించాలి. కోపం న్యాయమైనదైతే దాని పేరున ఏమి చేసినా న్యాయమే అన్న భావన పిల్లల మనసులో ఎంత సులభంగా నాటుకుంటుందో మనమెరుగుదుము. వీరగాథలు చాలావరకు దానికి నీరు పోస్తాయి. గొప్ప కథలు మాత్రం పద్దు చూపిస్తాయి. తిక్కన తెలుగు చేసిన మౌసలపర్వంలో, కురుక్షేత్రం గెలిచిన అర్జునుడే, దారిదోపిడిగాళ్ల నుండి యాదవ స్త్రీలను కాపాడలేక, గాండీవం మొరాయించగా దీనుడై నిలబడతాడు. ఆ పర్వం లేకపోతే భారతం యుద్ధకథగానే మిగిలేది.

తొగాషి గోన్‌ను దుష్టునిగా మార్చి చేతులు దులుపుకోలేదు. 2012లో వెలువడిన అధ్యాయాలలో కోలుకున్న బాలుడు కన్నీళ్లతో కైట్ సంగతి తండ్రి ఎదుట చెప్పుకుంటాడు. కైట్ అప్పటికే మరొక రూపంలో తిరిగి పుట్టి ఉన్నాడు. అతని వద్దకు స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పుకోమంటాడు తండ్రి. గోన్ వెళ్లి చెప్పుకుంటాడు. శక్తి పోయిన పిల్లవాడు ఇంటి ముఖం పడతాడు. కథ అతనిని వదిలి ముందుకు సాగిపోతుంది.

వీరుడు గెలిచి సింహాసనమెక్కే కథలు మన పిల్లలకు కొల్లలుగా ఉన్నాయి. గెలిచిన తరువాత క్షమాపణ చెప్పుకోవడానికి బయలుదేరే వీరుడు మాత్రం అరుదు.