మీకు తెలుసా? కైమాలో కలిసిపోయే కార్జం

• రక్తహీనతకు కార్జంతో వైద్యం కనిపెట్టినందుకు 1934లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి దక్కింది.

• చెన్నైలోని మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో కార్జం సారంపై పరిశోధించారు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1945లో రక్తహీనతకు వాడే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది.

• తమిళనాడులో 15–49 ఏళ్ల మహిళల్లో 53.4 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

• పిల్లలు కార్జం వద్దని మారాం చేస్తే, పావుకిలో కైమాలో 50 గ్రాముల మేక కార్జం సన్నగా కొట్టి కలపండి. అల్లంవెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర పడితే వాసన తెలియదు. లోపల ఎరుపు పోయేదాకా ఉడకనివ్వండి.

• కార్జంలో విటమిన్ ఏ బాగా ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి చాలు. గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడగకుండా తినొద్దు.