బషీర్‌బాగ్ నుంచి తాష్కెంటుకు, సవర కొండల మీదుగా హనోయికి

హైదరాబాదు బషీర్‌బాగ్ చౌరస్తాలో దిగి చూస్తే తోట కనబడదు. పైగా వంశీయుడు సర్ ఆస్మాన్ జా, బషీరుద్దౌలా అన్న బిరుదున్నవాడు, 1887 నుంచి కొన్నేళ్లు నిజాం రాజ్యానికి ప్రధాని, ఇక్కడ మహలు కట్టించుకున్నాడు. ఆ మహలు ఇప్పుడు లేదు. తోట పేరులోనే మిగిలింది: బాగ్.

ఆ ఒక్క మాట పట్టుకుని తాష్కెంటు దాకా వెళ్లొచ్చు. ఉజ్బెక్ భాషలో తోట అంటే ‘బోగ్’. మన నోట ‘ఆ’ పలికే చోట వాళ్ల నోరు ‘ఓ’ వైపు ఒరుగుతుంది. ఆ కిటుకు తెలిస్తే చాలు, బజార్ బోజోర్ అవుతుంది, కితాబ్ కితోబ్, అనార్ అనోర్, బాదం బోదోమ్, జవాబు జవోబ్, దునియా దున్యో. చాయ్‌ఖానా అయితే చోయ్‌ఖోనా. నాంపల్లి గల్లీల్లో పెరిగినవాళ్లకి సగం బజారు అప్పుడే వచ్చేసినట్టే.

వీటిలో చాలా మాటలకి పుట్టిల్లు పారశీకమో అరబ్బీయో. ఉజ్బెకుల ఇంటికీ మన ఇంటికీ అవి కోడళ్లుగానే వచ్చాయి. మనుషులూ వచ్చారు. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్కండ్ ప్రాంతంవాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు పోయాడు. (ఆబిడ్స్ పేరు ఆయనది కాదు. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ నడిపిన దుకాణానిది.) ఉజ్బెక్‌తో రక్తం పంచుకున్న అసలైన తురుష్క మాట కావాలంటే బేగంబజారుకి నడవాలి. ‘బెగ్’ అంటే దొర, ‘ఇమ్’ అంటే నా. ఉజ్బెకులు ‘నా పుస్తకం’ అనడానికి ‘కితోబ్‌ఇమ్’ అన్నట్టే బెగ్‌కి ఇమ్ తగిలితే బేగం. మసాలాలు కొనుక్కొచ్చే బజారు పేరులో ఒక విభక్తి ప్రత్యయంలాంటిది దాక్కుని ఉందని తెలిశాక నాకా వీధి మునుపటిలా కనిపించలేదు.

తూర్పున ఇంకో భాష ఉంది, వియత్నామీ. దాన్నీ ఉజ్బెక్‌నీ పక్కపక్కన అచ్చు వేసి చూపిస్తే తోబుట్టువులేమో అనిపిస్తాయి. రెంటికీ రోమన్ అక్షరాలే. ఆ పోలిక మీద నమ్మకం పెట్టుకోకూడదు. వియత్నామీకి ఆ అక్షరాలు కూర్చింది క్రైస్తవ మిషనరీలు. వాళ్లలో ఒకడైన అలెగ్జాండర్ డి రోడ్స్ నిఘంటువు 1651లోనే రోమ్‌లో అచ్చయింది. ఉజ్బెక్ కథ వేరు. 1920ల చివరిదాకా అరబ్బీ లిపి, తర్వాత రోమన్, 1940లో రష్యన్ అక్షరాలు, 1993 చట్టంతో మళ్లీ రోమన్. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని ఇళ్లు అక్కడ ఎన్నో. లిపి ఒకటైనంత మాత్రాన చుట్టరికం కలవదు.

వాక్యం విప్పితే తేడా తెలుస్తుంది. ‘మెన్ కితోబ్ ఒఖియ్‌మన్’: నేను పుస్తకం చదువుతాను. వరుస మనదే. చివరి ‘మన్’ మన ‘ను’ చేసే పనే చేస్తుంది, అందుకే ముందున్న ‘నేను’ తీసేసినా లోటుండదు. ‘కితోబ్‌లర్‌ద’ అంటే పుస్తకాల్లో. కితోబ్, లర్, ద. పుస్తకం, లు, లో. పూసకి పూస. ఇది రక్తసంబంధం కాదు. ఉజ్బెక్ తురుష్క కుటుంబానిది, తెలుగు ద్రావిడం. అయినా ఇంత అందిన నిచ్చెనను వదిలేసి, సమర్కండ్‌లో వైద్యం చదవడానికి వెళ్లిన మన పిల్లలు ఉజ్బెక్ వాక్యాన్ని ఇంగ్లీషు మీదుగా తలకిందులు చేసి నేర్చుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. వాళ్ల చేతిలో పెట్టాల్సింది తెలుగులో రాసిన ఉజ్బెక్ వాచకం.

వియత్నామీలో ఈ పూసల దండ లేదు. ‘తోయ్ డోక్ సాక్’: నేను, చదువు, పుస్తకం. నిన్నైనా రేపైనా, నేనైనా వాళ్లైనా ఆ ‘చదువు’ రూపం మారదు. కాలం చెప్పాలంటే పక్కన ఇంకో మాట పెడతారు. మారేది గొంతు. ‘మ’ అన్న ఒక్క అక్షరాన్ని హనోయివాళ్లు ఆరు స్వరాల్లో పలుకుతారు. ఒక స్వరంలో దయ్యం, ఇంకోదానిలో సమాధి, మరోదానిలో గుర్రం, గొంతు దింపి నొక్కితే వరి నారు.

నారు దగ్గర ఆగాలి. చేలో ఉన్న వరి ‘లువా’, దంచాక బియ్యం ‘గావ్’, వండాక అన్నం ‘కమ్’. ఇంగ్లీషు మూడింటికీ రైస్ అని ఊరుకుంటుంది. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ మూడు మాటలు వేరని ఎవరూ వివరించనక్కర్లేదు. చుట్టరికాలూ అంతే. నాన్నకి అన్న ‘బాక్’, తమ్ముడు ‘చూ’. మనకి పెదనాన్న, చిన్నాన్న. అంకుల్ అన్న మాటలో ఇద్దరూ కలిసిపోతారు. దారిన పోయేవాళ్లని కూడా వరస కలపకుండా పలకరించలేరు వియత్నామీలు, మనం ఆటో ఆపి ‘అన్నా’ అన్నట్టు. వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు: తనకంటే పెద్దవాడితో మాట్లాడే అమ్మాయి ‘నేను తిన్నాను’ అనదు, ‘చెల్లి తిన్నది’ అన్నట్టు చెబుతుంది.

ఇక రక్తసంబంధం. వియత్నామీ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. ఆ కుటుంబంలోని ముండా శాఖ మనదేశంలో ఉంది. సంతాలీ అందులోదే, శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవర భాషా అందులోదే. సంతాలీలో నాలుగు ‘పొన్’, వియత్నామీలో ‘బొన్’. కన్ను సంతాలీలో ‘మెత్’, వియత్నామీలో ‘మత్’. అయితే సవరకి లేని స్వరాలు వియత్నామీకి ఎక్కణ్ణుంచి వచ్చాయన్న చిక్కుముడిని 1954లో ఫ్రెంచి పండితుడు ఆండ్రే ఓడ్రికూర్ విప్పాడు. మాట చివరి హల్లులు అరిగిపోతూ, పోయిన చోట గొంతు హెచ్చుతగ్గుల్ని వదిలి వెళ్లాయన్నాడు.

వాడుక తెలుగు కోసం పోరాడినవాడిగానే మనకి గిడుగు రామమూర్తి గుర్తు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవరలతో మాట్లాడి, విని, రాసి, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. అప్పటికి ఆయనకి డెబ్భై అయిదేళ్లు. వినికిడి ఏనాడో పోయింది.