70ఎంఎం సినిమా: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సంధ్య, దేవి థియేటర్ల పేర్లలోనే 70ఎంఎం ఉంది. తరాలుగా ఆ మాట వాడుతున్నా, అది దేని కొలతో చాలామందికి తెలియదు.

అపోహ: 70ఎంఎం అంటే తెర సైజు.
వాస్తవం: అది ఫిల్ము వెడల్పు, అంటే ఏడు సెంటీమీటర్లు. 35ఎంఎం కంటే ఇందులో ఫ్రేము పెద్దది. పెద్ద తెర మీద వేసినా బొమ్మను మరీ సాగదీయనక్కర్లేదు కాబట్టి గ్రెయిన్ (ఫిల్ము రేణువులు) పెద్దగా కనబడదు. ఫ్రేములోంచి వెలుతురూ ఎక్కువ వస్తుంది.

అపోహ: 70ఎంఎం సినిమా అంటే 70ఎంఎం కెమెరాతో తీసిందే.
వాస్తవం: అసలు కెమెరాలో తిరిగే నెగెటివ్ 65ఎంఎం. థియేటర్‌కి వచ్చే ప్రింటుకు మరో 5 మిల్లీమీటర్లు కలిపింది సౌండు ట్రాకులకు చోటు కోసం. ఇక ‘షోలే’ (1975)ను 35ఎంఎంలోనే తీసి, ఆ తర్వాత 70ఎంఎంకు బ్లోఅప్ చేశారు. అలాంటి ప్రింటుతో బొమ్మకు వెలుగు, సౌండుకు ఆరు ట్రాకులు దక్కుతాయి. నెగెటివ్‌లో పడని వివరం మాత్రం కొత్తగా రాదు.

అపోహ: ఐమాక్స్ అన్నా 70ఎంఎం అన్నా ఒకటే.
వాస్తవం: ఫిల్ము వెడల్పు ఒకటే, నడక వేరు. మామూలు 70ఎంఎం నిలువుగా నడుస్తుంది, ఫ్రేముకు అంచున ఐదు రంధ్రాలు. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో తొలిసారి ప్రదర్శించిన ఐమాక్స్‌లో ఫిల్ము అడ్డంగా నడుస్తుంది, ఫ్రేముకు 15 రంధ్రాలు. అందుకే దాని ఫ్రేము సుమారు మూడు రెట్లు పెద్దది. ప్రొజెక్టర్‌లో ఫిల్ము అలలా దొర్లుతూ వస్తుంది. లెన్సు వెనకనున్న గాజుకు ప్రతి ఫ్రేమునూ వాక్యూమ్ పట్టి ఉంచుతుంది, వెలుగు పడేంతసేపూ బొమ్మ కదలదు. ఇదంతా సెకనుకు 24 సార్లు జరుగుతుంది.

అపోహ: ఐమాక్స్ బోర్డు ఉంటే లోపల ఆడేది ఫిల్మే.
వాస్తవం: ఇప్పుడు చాలా ఐమాక్స్ తెరల మీద పడేది డిజిటల్ బొమ్మే. ‘ఓపెన్‌హైమర్’ (2023) ఐమాక్స్ ఫిల్ము ప్రింటు పొడవు సుమారు 18 కిలోమీటర్లు, బరువు 270 కిలోల పైమాటే. మన దేశంలో ఆ ప్రింటు ఎక్కడా ఆడలేదు.

అపోహ: డిజిటల్ రాకతో పెద్ద ఫిల్ము పని అయిపోయింది.
వాస్తవం: ‘ఓపెన్‌హైమర్’ కోసమే కొడాక్ 65ఎంఎం నలుపు తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చింది. తీసేవాళ్లూ, వేసేవాళ్లూ తగ్గారే తప్ప లేకుండా పోలేదు.

కాబట్టి ఈసారి టికెట్టు కొనేముందు రెండు సంగతులు కనుక్కోండి: కెమెరాలో ఏం తిరిగింది, ప్రొజెక్టర్‌లో ఏం తిరుగుతోంది. మీరు చూడబోయే బొమ్మ నాణ్యతను తేల్చేవి అవే, బోర్డు మీది అంకె కాదు.